ఏడో టేబుల్ మీద వేడి గిన్నె

గిన్నె టేబుల్ మీదికి వచ్చి పదకొండు నిమిషాలైంది. నేనింకా ముట్టుకోలేదు. చాప్‌స్టిక్స్ కవరు కూడా చింపలేదు. చేతి గడియారం విప్పి పక్కన పెట్టుకుని, నూడుల్స్ ఎక్కడ కాపీ కొడతాయో అన్నట్టు పరీక్ష హాల్లో పంతులుగారిలా వాటినే చూస్తూ కూర్చున్నాను.

అవి నా కళ్ళ ముందే లావెక్కుతున్నాయి.

కౌంటర్ వెనక పొయ్యి దగ్గర్నుంచి వంటమాస్టారు నన్ను చూస్తున్నాడు. ఆ మొహంలో బాధ చూస్తే, గిన్నెలో నానుతున్నది ఆయన కన్నపిల్లలేమో అనుకుంటారు ఎవరైనా.

"బాబూ, తినరా?" అక్కడి నుంచే అడిగాడు.

"తిననండీ."

"బాలేదా?"

"వాసనకే సగం కడుపు నిండింది."

"మరి?"

"చూస్తున్నా."

"చూడ్డానికి గోడకి టీవీ ఉంది కదయ్యా! నూడుల్స్‌కి ఆరు నిమిషాలే ఆయుష్షు. ఆ తర్వాత అవి నూడుల్స్ కావు, తడిసిన తాళ్ళు."

"నీకెందుకయ్యా?" అంది ఆయన భార్య. కౌంటర్‌లో ఆర్డర్లు తీసుకునేది ఆవిడే. అందరికీ కౌంటరక్క. "ఆయన గిన్నె, ఆయనిష్టం. తింటాడో, తలకి పోసుకుంటాడో. నువ్వటు తిరుగు." తర్వాత నా వైపు తిరిగింది. "బాబూ, ఆ బజర్ మాత్రం మర్చిపోకుండా తిరిగివ్వండి. నిన్న పధ్నాలుగో నంబర్ పోయింది. నిన్నటి నుంచి ఇరవైసార్లు నొక్కా. షాపులో ఎక్కడా మోగలేదు."

ఇక్కడ ఆర్డరిస్తే చేతికో బజర్ ఇస్తారు. సాసరంత గుండ్రంగా, చుట్టూ ఎర్ర లైట్లతో ఉంటుంది. గిన్నె తయారవగానే కౌంటర్‌లో నంబరు నొక్కుతారు, అది చేతిలో పిచ్చెక్కినట్టు వణుకుతుంది, మనం లేచి వెళ్ళి తెచ్చుకోవాలి. నాది ఆరో నంబరు.

నేను తినడానికి రాలేదు. నిన్నటి మధ్యాహ్నాన్ని మళ్ళీ ఒకసారి నడిపించి చూడ్డానికి వచ్చాను.

నిన్న గురువారం. ఇదే ఏడో టేబుల్ దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నాడు. రిటైరైన లిఫ్ట్ మెకానిక్. రెండూ అయిదుకి ఈ షాపింగ్ కాంప్లెక్స్ వెనక మెట్ల కింద శవమై కనిపించాడు. తలకి దెబ్బ. మెట్ల మీంచి తోసింది కన్నకూతురే అని పోలీసులు తేల్చారు. రెండున్నరకి ఇన్‌స్పెక్టర్ ఇక్కడికే వచ్చి ఆవిడని తీసుకెళతాడు. ఇప్పుడు ఒంటిగంటా తొమ్మిది.

పోలీసుల దగ్గరున్న సాక్ష్యం ఒక గిన్నె. కూతురు ఒంటిగంటా నలభైఆరుకి ఈ టేబుల్ దగ్గరికి వచ్చేసరికి దాంట్లోంచి పొగలొస్తున్నాయి. రెండింటికి టేబుల్ తుడిచిన కౌంటరక్క కూడా ఇంకా వేడిగానే ఉందంది. గిన్నె ఎన్నింటికి పెట్టావని అడిగితే, "ఒంటిగంటా నలభైకి" అని వంటమాస్టారు చెప్పాడు. అంటే నలభైకి పెద్దాయన బతికే ఉన్నాడు, నలభైఆరుకి కూతురు వచ్చింది, మాటా మాటా పెరిగింది, మెట్ల దగ్గర తోసేసింది. ఇన్‌స్పెక్టర్ లెక్క అంతే.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. పెద్దాయన ఆర్డర్ చీటీ మీద టైము పన్నెండూ యాభై. గిన్నె ఒంటిగంటా నలభైకి. నూడుల్స్‌కి యాభై నిమిషాలా? అందుకే ఇవాళ నేనూ సరిగ్గా పన్నెండూ యాభైకి అదే ఆర్డరిచ్చాను. అదే రద్దీ, అదే పొయ్యి. ఎనిమిది నిమిషాల్లో గిన్నె వచ్చేసింది.

ఈ మాట వంటమాస్టారుతో అంటే ఆయన ఉల్లికాడలు తరగడం మొదలుపెట్టాడు. నేను ఉల్లికాడలు వద్దన్నాను. షాపులో ఆ పూట ఇంకెవరూ అడగలేదు. ఆయన మాత్రం ఒక తోట మొత్తం తరిగేశాడు.

నా వెనక ఎనిమిదో టేబుల్ దగ్గర, ఈ గిన్నెకి వీపు పెట్టి ఒకావిడ కూర్చుంది. కూతురు ఆవిడే. వృత్తి, డ్రైవింగ్ నేర్పడం. ఇంకా చెప్పాలంటే నాకు డ్రైవింగ్ నేర్పడం. ఊళ్ళో అంతకంటే కష్టమైన ఉద్యోగం లేదు.

"టీచర్, ఇంకొక్కసారి చెప్పండి. మీరొచ్చేసరికి ఇక్కడేముంది?"

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? క్లచ్ గురించైనా ఇన్నిసార్లు చెప్పలేదు."

"చెప్పారు టీచర్."

ఆవిడ నవ్వలేదు. నిన్నటి నుంచి ఆవిడ కళ్ళు ఆరలేదు. గొంతు మాత్రం పాఠం చెప్పేటప్పటి గొంతే.

"ఆ కుర్చీ మీద నాన్న టోపీ. ఈ కుర్చీ ముందు గిన్నె. ఉల్లికాడల్లేవు. నాకు పడవని ఆయనకి తెలుసు. ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఆ వేడి చూసి ఇప్పుడే లేచాడనుకున్నా. నేను ఎస్కలేటర్ మీద వస్తుంటే చూసి, నా మొహం చూడ్డం ఇష్టంలేక లేచి వెళ్ళిపోయాడనుకున్నా. రెండేళ్ళ తర్వాత వచ్చాను రా బాబూ. రెండేళ్ళు."

"తర్వాత?"

"పన్నెండు నిమిషాలు కూర్చున్నా. ఆ పొగ తగ్గుతుంటే నాకు రోషం ఎక్కింది. వెళ్ళిపోయా. కనీసం ఒక్క ముద్దయినా తినలేదు."

రెండేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయిన రోజు పెద్దాయన ఎక్కడో ఆగిపోయిన లిఫ్ట్‌లోంచి నలుగురిని బయటికి తీస్తున్నాడు. నలుగురినీ తీశాడు. ఆస్పత్రికి చేరేసరికి మాత్రం భార్య లేదు. ఆ రోజు నుంచి కూతురు ఆయనతో మాట్లాడలేదు. ముగ్గురూ కలిసి గురువారం గురువారం తినే ఈ టేబుల్ దగ్గరికి ఆయన ఒక్కడే రావడం మానలేదు. ప్రతి వారం కూతురికి ఒకే మెసేజ్ పెట్టేవాడు: 'ఏడో టేబుల్ దగ్గరున్నాను.' నిన్న మొదటిసారి జవాబొచ్చింది. ఒంటిగంటా నాలుగుకి. 'పది నిమిషాల్లో వస్తా నాన్నా.'

ఆ జవాబు నా పక్క సీట్లోంచే వెళ్ళింది. కారు నేను నడుపుతున్నాను.

క్లచ్ ఎప్పుడు వదలాలో నాకు తెలీదు. ఎప్పుడు వదలకూడదో మాత్రం బాగా తెలుసు, సరిగ్గా అప్పుడే వదులుతాను. నిన్న నాలుగు రోడ్ల మధ్యలో బండి పదిహేడుసార్లు ఆగింది. పద్దెనిమిదోసారికి ట్రాఫిక్ కానిస్టేబుల్ కుర్చీ తెప్పించుకున్నాడు. టీచర్ దిగి నడిచి వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. "కంగారు పడకు, మెల్లిగా, ఇంకోసారి" అంటూ కూర్చుంది. పార్కింగులోకి వచ్చేసరికి ఒంటిగంటా నలభైమూడు. ఆవిడ పది నిమిషాలని ముప్ఫైతొమ్మిది చేసింది నేను.

అలా నేను ఆవిడకి సాక్షినయ్యాను. నలభైమూడుకి ముందు ఏం జరిగినా ఆవిడకి సంబంధం లేదని నేను ప్రమాణం చేస్తాను. కానీ గిన్నె మాత్రం పెద్దాయన నలభై దాకా ఉన్నాడంటోంది. ఇన్‌స్పెక్టర్ గిన్నెనే నమ్మాడు. నా డ్రైవింగ్ గురించి విన్నాక నేనైనా గిన్నెనే నమ్ముతాను.

"ఏంటి తమ్ముడూ, లంచా? ఇన్వెస్టిగేషనా?"

కాంప్లెక్స్ సెక్యూరిటీ చీఫ్. శవాన్ని మొదట చూసింది ఈయనే, కూతురి మీద అనుమానం మొదట ఇన్‌స్పెక్టర్ చెవిలో వేసిందీ ఈయనే. రిటైరైన పోలీసు. నడుముకి వేలాడే తాళాల గుత్తి బరువుకి ఎడమవైపుకి పది డిగ్రీలు ఒరిగి నడుస్తాడు. ఈ కాంప్లెక్స్ తాళాలే కాదు, చుట్టుపక్కల ఇంకో మూడు నాలుగు కాంప్లెక్సులవి కూడా అందులో ఉండి ఉండాలి.

"రెండూ కలిపి చీఫ్ గారూ. సూపులో ఏదన్నా తేలుతుందేమోనని."

"ముప్ఫై ఏళ్ళు డిపార్ట్‌మెంట్‌లో చేశా. గిన్నె చూసి కేసు తేల్చేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

"గిన్నె చూసి కేసు తేల్చింది మీరే కదండీ. వేడిగా ఉందని."

పక్క టేబుల్ వాళ్ళు నవ్వు ఆపుకోడానికి సూపు మింగారు. చీఫ్ మొహం ఎర్రబడింది.

"శవాన్ని ఎన్నింటికి చూశారు?" అన్నాను.

"రెండూ అయిదు. రాసుకో."

"అంతకు ముందు మెట్లవైపు వెళ్ళారా?"

"రోజుకి ఒక్క రౌండే అటు. ఎవరూ తిరగరు."

"కెమెరా?"

"మెట్లలో లేదు. ఈ షాపు ముందున్నదానికి డిస్కౌంట్ బ్యానర్ అడ్డం కట్టారు. నేను వద్దని మొత్తుకున్నా. ఇంకా?"

"ఆయన అరచేతుల నిండా తుప్పుందట."

"ముసలాయన. రెయిలింగ్ పట్టుకుని దిగుతాడు. తుప్పు అంటదూ?"

"మీ బొటనవేలికి ఆ పట్టీ ఏంటి?"

"గడ్డం గీసుకుంటుంటే తెగింది."

"బొటనవేలికి గడ్డమా?"

అదే నిమిషంలో పక్క టేబుల్ మీది బజర్ వణికింది. చీఫ్ జానెడెత్తున ఎగిరాడు. ముప్ఫై ఏళ్ళు దొంగల మధ్య బతికిన మనిషి నూడుల్స్ తయారయ్యాయన్న కబురుకి అలా ఉలిక్కిపడటం నేనెప్పుడూ చూడలేదు. ఆయన వెంటనే సర్దుకుని, కోపమంతా టీచర్ వైపు తిప్పాడు.

"చూడమ్మా, ఇలాంటి వాణ్ణి పెట్టుకుని లాభం లేదు. రెండున్నరకి సారు వస్తారు. నాన్న అన్నాక మాటా మాటా వస్తుంది, చెయ్యి జారుతుంది. ఒప్పుకుంటే తక్కువలో పోతుంది."

టీచర్ లేచి నిలబడింది. "నాన్నతో మాట పెరగాలంటే ముందు ఆయన కనబడాలి కదండీ. ఆయన్ని చూసి రెండేళ్ళయింది. తోసేంత దగ్గరగా వచ్చుంటే..." అక్కడితో ఆగిపోయింది. "అంత దగ్గరగా వచ్చుంటే కాళ్ళు పట్టుకునేదాన్ని."

చీఫ్ తాళాలు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

"టీచర్, మీ నాన్న లిఫ్ట్ ఉండగా మెట్లెందుకు దిగారు?"

"తను బిగించని లిఫ్ట్ ఎక్కడు. తను బిగించిందైతే అసలే ఎక్కడు. లోపలేముందో తెలుసు కాబట్టి." ఆవిడ కూర్చుంది. "చిన్నప్పుడు నాకు కథలు చెప్పేవాడు కాదు, ఇవే చెప్పేవాడు. మూసిన పెట్టెలో ఇరుక్కుంటే అరవకు, ఊపిరి దండగ. చేతిలో ఏదుంటే దాంతో మూడుసార్లు కొట్టు. ఆగు. మళ్ళీ మూడు. ఎవరో ఒకరు వస్తారు."

ఒంటిగంటా ఇరవైరెండుకి గిన్నెని అలాగే వదిలేసి మెట్లు చూడ్డానికి వెళ్ళాను.

షాపు పక్కన వాష్‌రూముల నడవ. చివర ఆకుపచ్చ ఇనప తలుపు. తోస్తే తెరుచుకుంది, లోపలికి అడుగు పెట్టగానే నా వెనక మూసుకుంది. తిరిగి లాగుదామని చూస్తే మెట్లవైపు పిడి లేదు. షాపుల వైపు నుంచి బయటికి పోవడానికే తప్ప, తిరిగి లోపలికి రావడానికి పనికొచ్చే తలుపు కాదది. ఫోను తీశాను. సిగ్నల్ లేదు. గోడలు అంత మందం.

కిందికి దిగాను. నలభైనాలుగు మెట్లు. మధ్య అంతస్తు తలుపుకీ పిడి లేదు. చివరి మెట్ల మీద బల్బు లేదు. రెయిలింగ్ నిమిరి చూశాను. పైనుంచి కిందిదాకా నల్ల ప్లాస్టిక్ తొడుగు. తుప్పు పట్టాలంటే ముందు ఇనుమై పుట్టాలి.

కింద రెండు రెక్కల ఆకుపచ్చ తలుపు, ఒక్కో రెక్కకీ నిలువుగా ఒక ఇనప పిడి. తోశాను. తెరుచుకుంది. ఎండ. పార్కింగు. నిన్న మేం బండి ఆపిన చోటు అక్కణ్ణుంచి పాతిక అడుగులు.

పార్కింగుకి ఇదే దగ్గరి దారి. పెద్దాయన ఇటే వచ్చాడు. 'పది నిమిషాల్లో వస్తా నాన్నా' అని చదివి, కూర్చోలేక, కూతురికి ఎదురెళ్ళాడు.

మరి బయటికెందుకు రాలేదు? తలుపుని కాలితో ఆపి, వెలుతురులో వంగి చూశాను. రెండు పిడుల మీదా రంగు ఒకే ఎత్తున చుట్టూ అరిగిపోయి, ఉంగరం తొడిగినట్టు మెరుస్తోంది. కింద నేల మీద ఎర్రటి తుప్పు పొడి. ఆ రెండు పిడుల్ని కలిపి ఏళ్ళ తరబడి ఒక గొలుసు చుట్టి ఉండేది. ఇవాళ లేదు.

రంగు ఇంకోచోట కూడా రాలింది. తలుపు మీద, ఛాతీ ఎత్తున. చిన్న చిన్న కొత్త సొట్టలు. మూడు. ఖాళీ. మూడు. ఖాళీ. మూడు. కింది వరసలు మోకాలి ఎత్తుకి వచ్చాయి. ఆఖరివి నేలకి జానెడు పైన ఉన్నాయి.

నలభైరెండు దాకా లెక్కపెట్టి ఆపేశాను. నాకు ఊపిరాడలేదు, తలుపు తెరిచే ఉన్నా.

పార్కింగు చుట్టూ తిరిగి, ఎస్కలేటర్ ఎక్కి షాపులోకి వచ్చేసరికి ఒంటిగంటా ముప్ఫైఆరు. కుర్చీలో కూర్చుని గిన్నె వైపు చూశాను. పొగలు. ముట్టుకుంటే వేలు కాలింది. నూడుల్స్ సన్నగా, నిగనిగలాడుతూ, అప్పుడే పుట్టినట్టున్నాయి.

ఈ భూమ్మీద నానిన నూడుల్స్ మళ్ళీ సన్నబడటం ఇదే మొదటిసారి.

"మాస్టారూ," అన్నాను. "నా నూడుల్స్ చిక్కిపోయాయి."

ఆయన పైకప్పు వైపు చూశాడు. "ఏసీకేమో బాబూ."

కౌంటరక్క చేతిలో పెన్ను కింద పెట్టింది. "ఏమయ్యా. మళ్ళీ మార్చావా?"

"ఎక్కడే..."

"నా మొహం చూసి చెప్పు. పోయిన వారం ఒట్టేశావు. పొద్దున్న నా చేత్తో నేను కట్టిన నూడుల్స్ చుట్టలు నిన్న సాయంత్రానికి మూడు తక్కువొచ్చాయి. ఎలక తిందన్నావు."

"ఎలకకి ఉడకబెట్టి ఇవ్వాలా అక్కా?" అన్నాను.

వంటమాస్టారు పొయ్యి కట్టేశాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి నా టేబుల్ పక్కన నిలబడ్డాడు. టీచర్ కూడా ఇటు తిరిగింది. ఆయన ఆవిడ వైపు చూడలేకపోయాడు.

"రెండేళ్ళ నుంచమ్మా. ప్రతి గురువారం. అమ్మాయికి ఒక గిన్నె పెట్టు, ఉల్లికాడలొద్దు అనేవాడు. నాది మాత్రం తను వచ్చి కూర్చున్నాకే వెయ్యి అని బజర్ చేతిలో పట్టుకు కూర్చునేవాడు. మీరు రారు. అది నానిపోయేది. ఆఖరికి ఆ నానిపోయిందే తను తినేసి, బాగుందయ్యా అని చెప్పి వెళ్ళేవాడు. నేను వంటవాణ్ణి. బాగుందయ్యా అంటే నాకు ఏడుపొచ్చేది. అందుకని ఆయన ఎస్కలేటర్ దగ్గరికెళ్ళి తొంగిచూసొచ్చే లోపల గబుక్కున మార్చేసేవాణ్ణి. ఇరవై నిమిషాలకోసారి. అమ్మాయి ఎప్పుడొచ్చినా వేడిగా ఉండాలి కదా అని."

"నిన్న?"

"పన్నెండూ యాభైఎనిమిదికి మొదటిది. ఒంటిగంటా ఇరవైకి మార్చా. నలభైకి మార్చా. పోలీసులు టేబుల్ మీదున్న గిన్నె ఎప్పుడు పెట్టావన్నారు. ఉన్నది నలభైకి పెట్టిందే. మా ఆవిడ పక్కనే నిలబడుంది, మిగతావి ఎలా చెప్పను?"

"ఇరవైకి మార్చినప్పుడు పెద్దాయన ఉన్నాడా?"

"లేడు. టోపీ ఉంది. ఎస్కలేటర్ దగ్గరున్నాడనుకున్నా. నలభైకీ లేడు."

నా చేతి గడియారం అందుకుని పెట్టుకున్నాను. ఒంటిగంటా ఇరవైకి టీచర్ నాలుగు రోడ్ల మధ్యలో, నా పక్కన కూర్చుని, మెల్లిగా, ఇంకోసారి అంటోంది. కేసు అయిపోయింది. ఆవిడ బయటపడింది.

ఎవరికీ సంతోషం కలగలేదు. "అంటే నన్ను చూసి లేచిపోలేదు," అంది టీచర్ మెల్లిగా. "నేనొచ్చేసరికి... నేను ఇక్కడ రోషంగా కూర్చున్న పన్నెండు నిమిషాలూ..."

"కూర్చున్నారు కదమ్మా," అన్నాడు వంటమాస్టారు. "రెండేళ్ళలో మొదటిసారి ఆ కుర్చీలో మనిషి. నా కళ్ళని నేను నమ్మలేదు. వెంటనే ఆయన గిన్నె వేశా. అదే మూడో చుట్ట. ఒంటిగంటా యాభైకి పధ్నాలుగు నొక్కా. రాలేదు. మళ్ళీ నొక్కా. రాలేదు. ఇంతలో మీరూ లేచిపోయారు."

పధ్నాలుగు.

"అక్కా, ఆ బజర్ చార్జింగ్ ఎన్నాళ్ళుంటుంది?"

"మూడ్రోజులు. కాంప్లెక్స్‌లో ఎక్కడున్నా మోగుతుంది. ఎందుకు?"

"నొక్కండి. నేను తిరిగొచ్చి ఆపమనేదాకా నొక్కుతూనే ఉండండి."

శవం దగ్గర దొరికిన వస్తువులంటూ పోలీసులు టీచర్‌కిచ్చిన జాబితా నా జేబులోనే ఉంది. ఫోను, కళ్ళజోడు, లిఫ్ట్ తలుపులు తెరిచే పాత తాళంచెవి ఒకటి, దాని కొస మీద ఆకుపచ్చ రంగు. బజర్ లేదు.

నడవలోకి వెళ్ళి చెవులు రిక్కించాను. వాష్‌రూముల దగ్గర ఏమీ లేదు. మెట్ల తలుపు దగ్గర ఏమీ లేదు. వెనక్కి తిరిగి నాలుగు షాపులు దాటాక, గోడలో తుమ్మెద ఇరుక్కున్నట్టు ఒక రొద. సెక్యూరిటీ ఆఫీసు. తలుపు తీసే ఉంది.

చీఫ్ కెమెరా తెరల ముందు కూర్చుని ఉన్నాడు. కింది సొరుగుకి మోకాలు అడ్డం పెట్టి, పళ్ళు బిగించి. సొరుగు వణుకుతోంది. సొరుగుతో పాటు బల్ల, బల్లతో పాటు చీఫ్, చీఫ్‌తో పాటు తాళాల గుత్తి.

"ఫోను," అన్నాడు నన్ను చూసి.

"మీ ఫోను బల్ల మీదుంది."

"రెండోది."

"దానికి నూడుల్స్ షాపు వాళ్ళు చేస్తున్నారు. ఎత్తండి."

ఆయన మోకాలు తీశాడు. సొరుగు లాగి, బజర్ తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్ర లైట్లు గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి. సొరుగులో దాని కింద, చుట్టలు చుట్టుకుని, తుప్పు పట్టిన గొలుసు.

"పారేద్దామనుకున్నా," అన్నాడు. "ప్రతి చెత్తడబ్బా మీదా నేను పెట్టించిన కెమెరానే ఉంది."

"గొలుసెందుకు?"

"దొంగలు. ఆ దారినే సరుకు ఎత్తుకుపోతున్నారు. అగ్నిమాపకం వాళ్ళు తియ్యమన్నారు, రెండుసార్లు. తీస్తా తీస్తా అన్నా." ఆయన గొంతులోంచి పోలీసు పోయాడు. ముసలాడు మిగిలాడు. "నిన్న యాభైకి పార్కింగులో ఉన్నా. తలుపు లోపల ఈ రొద. తలుపు రెక్కల సందులోంచి చూశా. కిందపడున్నాడు. పైకెక్కి, కిందికి దిగి, ఎన్నిసార్లు తిరిగాడో. చీకట్లో జారినట్టుంది."

"యాభైకి చూసి, రెండూ అయిదుకి ఫోన్ చేశారు. పదిహేను నిమిషాలు."

"తాళం తుప్పు పట్టింది. రాలేదు. కోయాల్సొచ్చింది. వేలు తెగింది. గొలుసుతో చూస్తే నా పని అయిపోతుందని... ముందు గొలుసు తీసేద్దాం, తర్వాత పిలుద్దాం అనుకున్నా."

"బతికే ఉన్నాడా?"

ఈ ప్రశ్న నేను అడగలేదు. నా వెనక గుమ్మంలోంచి వచ్చింది. టీచర్.

చీఫ్ ఆవిడని చూసి లేవబోయాడు.

"ఉన్నాడమ్మా. చేతిలో ఇది మోగుతోంది. మొహం నిండా ఈ ఎర్ర వెలుతురు. నవ్వుతున్నాడు. నేను గొలుసు కోస్తుంటే అన్నాడు, మా అమ్మాయి వచ్చింది సార్, కుర్చీలో కూర్చుంది అని. నేను పలకలేదు. మళ్ళీ పిలిచాడు. నా కోసం ఆగొద్దని చెప్పండి, తినేయమనండి, నూడుల్స్ నానిపోతాయి అన్నాడు."

"మీరు చెప్పలేదు."

"చెప్పలేదమ్మా."

"నేను అప్పుడు అక్కడే ఉన్నాను."

చీఫ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. టీచర్ వంగి బజర్ అందుకుంది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, అది వణుకుతున్నంతసేపూ అలాగే నిలబడింది. వెళ్ళి ఆపమని చెప్పాలని నాకు తెలుసు. కాళ్ళు క్లచ్ మీద ఇరుక్కున్నట్టు కదల్లేదు. ఆఖరికి ఆవిడే వెనక్కి తిరిగి నడిచింది, బజర్‌ని అలాగే పట్టుకుని. నేను చీఫ్‌ని ఆఫీసులో పెట్టి, ఆయన గుత్తిలోని తాళంతోనే తలుపు వేశాను. సరైన తాళం దొరకడానికి అరగంట పట్టింది. ఆయనే చూపించకపోతే సాయంత్రమయ్యేది.

షాపుకి వచ్చేసరికి రెండూ పాతిక. టీచర్ ఏడో టేబుల్ దగ్గర కూర్చుని ఉంది, తన కుర్చీలో. ఎదురుగా ఖాళీ కుర్చీ. దాని ముందు ఆగిపోయిన బజర్. తన ముందు నా గిన్నె. ఒంటిగంటా ముప్ఫైఆరు నుంచి ఎవరూ పట్టించుకోని గిన్నె. సూపు మొత్తం ఇంకిపోయి నూడుల్స్ వేళ్ళంత లావున ఉబ్బిపోయాయి.

వంటమాస్టారు పొగలు కక్కే కొత్త గిన్నెతో పరుగెత్తుకొచ్చాడు. కౌంటరక్క ఈసారి ఏమీ అనలేదు. ఆవిడే ముందు పొయ్యి వెలిగించినట్టుంది.

టీచర్ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు మాస్టారూ. ఇదే తింటా."

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. రెండోది పెట్టుకుంది. "బాగుందయ్యా," అంది, ఎవరితోనో.

వంటమాస్టారు కొత్త గిన్నెని అలాగే చేతుల్లో పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

రెండున్నరకి ఇన్‌స్పెక్టర్ ఇద్దరు కానిస్టేబుళ్ళతో ఎస్కలేటర్ ఎక్కి వచ్చాడు. నేను ఎదురెళ్ళి దారికి అడ్డంగా నిలబడ్డాను. సెక్యూరిటీ ఆఫీసు తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను.

"మీక్కావాల్సిన మనిషి అందులో ఉన్నాడు సార్. గొలుసు కూడా ఉంది. అన్నీ చెప్తా."

ఆయన నా భుజం మీదుగా ఏడో టేబుల్ వైపు చూశాడు. "ఆవిడో?"

"పది నిమిషాలు ఆగండి సార్," అన్నాను. "నాన్నతో భోంచేస్తోంది."